పచ్చదీపం పడగానే దూసుకుపోతే నేరమా?

కూడలిలో ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగిన మరుక్షణమే యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి, పక్కనున్న వాహనాలన్నిటినీ వెనకేసుకొని దూసుకుపోయే వ్యక్తిని పోలీసులు ఆపితే, అతడు సాధారణంగా రెండు వాదనలు వినిపిస్తాడు. సిగ్నల్ పచ్చగానే ఉందనేది ఒకటి, స్పీడోమీటరు ముల్లు అక్కడి పరిమితిని దాటలేదనేది మరొకటి. ఈ రెండూ నిజమే అయినా అతడు నిర్దోషి కాకపోవచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో వేగం త్వరగా పెంచడం అనే పేరుతో ప్రత్యేకమైన నేరమేదీ లేదు, సున్నా నుంచి అరవై కిలోమీటర్ల వేగానికి ఇన్ని సెకన్లలోపు చేరకూడదన్న నియమమూ లేదు. అయితే బండి ఎంత వేగంతో వెళ్లిందని మాత్రమే కాక, ఏ తీరున వెళ్లిందని కూడా ఆ చట్టం అడుగుతుంది.

వేగమూ త్వరణమూ ఒకటి కావు. బండి గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతున్నదో చెప్పేది వేగమైతే, ఆ వేగం సెకను సెకనుకూ ఎంత చొప్పున పెరుగుతున్నదో చెప్పేది త్వరణం. వాడుకలో దీన్నే పికప్ అంటారు. చట్టంలోని 183వ సెక్షన్ వేగపరిమితిని మీరడానికి సంబంధించినది. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, తేలికపాటి వాహనం నడిపేవారికి దీని కింద 1,000 నుంచి 2,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. పరిమితికి లోబడి ఉన్న బండికి ఈ సెక్షన్ వర్తించదు కాబట్టి, త్వరణం ప్రశ్న 184వ సెక్షన్‌లోకి, అంటే ప్రమాదకరంగా వాహనం నడపడమనే నేరంలోకి వస్తుంది.

ప్రజలకు ప్రమాదం కలిగించే వేగంతో గానీ, ప్రమాదం కలిగించే తీరులో గానీ వాహనం నడపడాన్ని ఆ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. బండిలో కూర్చున్నవారికి, రోడ్డు మీద వెళ్తున్న ఇతరులకు, రోడ్డు దగ్గర ఉన్నవారికి భయాందోళనలు కలిగేలా నడపడాన్ని కూడా 2019 సవరణ ఇందులో చేర్చింది. అంటే ఎవరికీ దెబ్బ తగలనవసరం లేదు, ఏ వాహనానికీ గీత పడనవసరం లేదు. నడిపిన తీరు ప్రమాదకరమా కాదా అని తేల్చేటప్పుడు ఆ చోటు ఎలాంటిది, రోడ్డు ఏ స్థితిలో ఉంది, ఆ సమయంలో అక్కడ ఎంత రద్దీ ఉంది, ఎంత రద్దీ ఉండవచ్చని సహేతుకంగా ఊహించవచ్చు అన్నవన్నీ చూడాలి. ఈ సెక్షన్ అసలు బలం ఆ చివరి మాటలోనే ఉంది. అర్ధరాత్రి రోడ్డు ఖాళీగా ఉందన్న సమాధానం ఆసుపత్రి ముందున్న కూడలిలో నిలబడకపోవడానికి అదే కారణం. మొదటిసారి నేరానికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తన కళ్లెదుట ఈ నేరం చేసిన వ్యక్తిని వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి 202వ సెక్షన్ ఇచ్చింది.

హైదరాబాద్ వంటి నగరాల కూడళ్లలో సెకన్లను వెనక్కి లెక్కపెట్టే టైమర్లు ఉన్నచోట సమస్య పచ్చదీపం కంటే ముందే మొదలవుతుంది. అంకె మూడుకో రెండుకో వచ్చేసరికి రేజ్ ఇస్తూ, క్లచ్ వదులుతూ, స్టాప్ లైన్ దాటి జీబ్రా చారల మీదికి ముందుకు జరిగే అలవాటు చాలామందిలో కనిపిస్తుంది. ఇక్కడ త్వరణం గురించిన చర్చే అనవసరం. దీపం ఎర్రగా ఉండగానే గీత దాటి కదిలితే అది సిగ్నల్ ఉల్లంఘనే అవుతుంది, ఎర్రదీపాన్ని లెక్కచేయకుండా పోవడాన్ని 184వ సెక్షన్‌కు చేర్చిన వివరణ ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే పేర్కొంది.

పచ్చదీపం పడ్డాక దూసుకుపోవడం వల్ల ఏం కలిసివస్తుందో, ఏం పోతుందో లెక్క వేసి చూడవచ్చు. స్టాప్ లైన్ నుంచి అవతలి జీబ్రా క్రాసింగ్ వరకు ముప్పై మీటర్లు ఉందనుకుంటే, సెకనుకు సెకనుకు ఒకటిన్నర మీటర్ల త్వరణంతో నిదానంగా కదిలిన బండి అక్కడికి చేరడానికి సుమారు 6.3 సెకన్లు పడుతుంది, చేరేసరికి దాని వేగం గంటకు 34 కిలోమీటర్లు ఉంటుంది. నాలుగు మీటర్ల త్వరణంతో దూకిన బండి 3.9 సెకన్లలో చేరుతుంది గానీ, అప్పటికి దాని వేగం దాదాపు 56 కిలోమీటర్లు. మిగిలింది రెండున్నర సెకన్ల కంటే తక్కువే. ఆ కాస్త వ్యవధిలో సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచే వృద్ధురాలు వేసే నాలుగైదు అడుగులే ఆమె డివైడర్ చేరడానికీ చేరకపోవడానికీ తేడా కావచ్చు. ఆమెను చూసి బ్రేకు వేయాలనుకున్న డ్రైవరుకు తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, మొదటి బండి సుమారు 17 మీటర్లలో ఆగుతుంది, రెండోది ఆగడానికి 35 మీటర్లకు పైగా కావాలి. ఇదంతా పొడి రోడ్డు మీది లెక్క. వాన పడితే ఆ దూరాలు ఇంకా పెరుగుతాయి. పచ్చదీపం వెలిగే క్షణానికి కూడలి పూర్తిగా ఖాళీ అయి ఉండదు. పసుపుదీపం మీద అడ్డదారి నుంచి చొరబడిన ఆటో ఇంకా మధ్యలోనే ఉండవచ్చు, జీబ్రా చారల మీద ఉన్నవారికి దారి ఇవ్వడం డ్రైవరు బాధ్యత. పచ్చదీపం వెళ్లడానికి అనుమతి మాత్రమే, ఎదుటివారు ఉన్నా లేనట్టే పోవడానికి హక్కు కాదు.

న్యాయస్థానాలు మాత్రం ఈ నేరాన్ని సులభంగా అంటగట్టవు, అది సబబే. కర్ణాటకకు చెందిన ఒక లారీ బోల్తా కేసులో 1998లో సుప్రీంకోర్టు, బండి అధిక వేగంతో వచ్చిందని సాక్షులు చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదనీ, అధిక వేగమన్నది సందర్భాన్ని బట్టి మారే మాట అనీ తేల్చింది. బండిని కదిలించే క్షణానికి సంబంధించి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన మరో కేసు ఇంకా దగ్గరిది. బస్సు ఎక్కుతున్న ప్రయాణికురాలు బస్సు కదిలినప్పుడు పడిపోయి వెనక చక్రం కింద నలిగి చనిపోగా, కింది కోర్టులు దోషిగా నిర్ధారించిన డ్రైవరును 2000లో సుప్రీంకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. అతడు నిర్లక్ష్యంగా బస్సు కదిలించాడనడానికి ఆధారం లేదనీ, ప్రమాదం జరిగిందన్న ఒక్క కారణంతో నేరాన్ని ఊహించకూడదనీ చెబుతూనే, పర్యవసానాలను ఖాతరు చేయకుండా ముప్పుకు తెగించడమే శిక్షార్హమైన దుడుకుతనమని ఆ తీర్పు వివరించింది. ఈ కొలమానంతో చూస్తే, ఖాళీ రోడ్డు మీద చురుగ్గా కదిలినవాడు తప్పించుకుంటాడు, మనుషుల మధ్య నుంచి టైర్లు కీచుమనేలా దూకినవాడు తప్పించుకోలేడు.

పక్కనున్న బండితో పోటీ పడితే సంగతి వేరు. ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల పందెంలో గానీ, వేగ పరీక్షలో గానీ పాల్గొనడాన్ని 189వ సెక్షన్ నిషేధించింది. దీనికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. సైలెన్సర్ మార్చి చెవులు చిల్లులు పడేలా మోత పెట్టే బండ్ల మీద 190వ సెక్షన్ కింద విడిగా కేసు పెట్టవచ్చు.

తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన విదేశాల్లో ఈ విషయమై చట్టాలు మరింత సూటిగా ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో రోడ్డు మీద వేగాన్ని ప్రదర్శించడమే నేరం. అరిజోనా చట్టం వేగంతో పాటు త్వరణాన్ని కూడా పేరు పెట్టి చెబుతూ, దాని ప్రదర్శననూ పోటీనీ నిషేధించింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో, బండిని నడిపించే చక్రాలు రోడ్డు మీద పట్టు కోల్పోయి అదేపనిగా తిరిగేలా నడపడం ప్రత్యేక నేరం. భారతీయ చట్టంలోనూ ఇలాంటి స్పష్టమైన మాట ఒకటి ఉంటే పోలీసులకూ డ్రైవర్లకూ మేలే. స్పీడ్ గన్ చూపేది బండి వేగమే తప్ప అది ఆ వేగానికి ఎంత దుడుకుగా చేరిందన్నది కాదు గనుక, ప్రస్తుతం సీసీ కెమెరా దృశ్యాల మీదా, అక్కడున్న కానిస్టేబుల్ వాంగ్మూలం మీదా ఆధారపడక తప్పదు.

ప్రాణాపాయం కలిగించేంత దుడుకుగా నడిపితే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. ఎవరైనా మరణిస్తే 106వ సెక్షన్ కింద ఆ శిక్ష అయిదేళ్ల వరకు పోతుంది. బండి మీద ఉన్నది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడైతే మోటారు వాహనాల చట్టంలోని 199ఏ సెక్షన్ నేరుగా తల్లిదండ్రుల్ని, బండి యజమానిని నిలదీస్తుంది. తమకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో వారే రుజువు చేసుకోవాలి. అది చేతకాకపోతే మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా వారికి పడతాయి, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలల పాటు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.