ఉల్లి నిల్వకు గామా కిరణములు: కొలత ఎందుకు?

రబీ ఉల్లిని వానకాలము వరకు నిల్వచేయు రైతునకు మొలకవలన కలుగు నష్టము తెలిసినదే. మొలకెత్తిన గడ్డ మెత్తబడి, తూకము తగ్గి, అంగడిలో ధర పలుకదు. ఈ మొలకను గామా కిరణములతో ఆపవచ్చును. ఇట్టి పనికై మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌నందు భాభా అణు పరిశోధన కేంద్రమువారు 2002లో "కృషక్" అను కేంద్రమును నెలకొల్పిరి.

"పెట్టె అంచునున్న గడ్డలు బాగుండి, నడుమనున్నవి మొలకెత్తినచో ఏమి లాభము?" అని రైతు అడుగవచ్చును. ఇది సరియైన ప్రశ్న. దీనికి జవాబు కొలతలో ఉన్నది.

కిరణములు ఎట్లు తగ్గును?

గామా కిరణములు వెలుగు జాతికి చెందినవే. కాని కంటికి కనబడవు. వస్తువులలోనికి లోతుగా చొచ్చుకొని పోవును. వీటిని కోబాల్టు-60 నుండి పొందుదురు. పందిరిపై తాటాకు వరుసలు పెంచినకొలది క్రిందికి దిగు ఎండ తగ్గునట్లు, అడ్డమున్న వస్తువు మందము పెరిగినకొలది కిరణములు తగ్గును. కోబాల్టు-60 కిరణములు సగమగుటకు కావలసిన మందము సుమారుగా ఇట్లుండును:

సీసము – 1.2 సెం.మీ.
ఇనుము – 2 సెం.మీ.
కాంక్రీటు – 6 సెం.మీ.
నీరు – 11 సెం.మీ.

కాంక్రీటు 6 సెం.మీ. ఉన్నచో సగము, 12 ఉన్నచో నాల్గవ వంతు, 18 ఉన్నచో ఎనిమిదవ వంతు మిగులును. అందుచేతనే కేంద్రముల గోడలను మిక్కిలి మందముగా కట్టుదురు.

ఎట్లు కొలుతురు?

గైగర్ గొట్టములో వాయువు ఉండును. కిరణము తగిలినపుడు అందులో విద్యుత్తు క్షణకాలము పారును. యంత్రము దానిని ఒకటిగా లెక్కించును. ముందుగా పరిసరములలో సహజముగా ఉండు కిరణములను లెక్కించి, పిమ్మట పలకలను ఒక్కొక్కటిగా అడ్డము పెట్టి, ప్రతిసారి వచ్చిన లెక్కనుండి సహజపు లెక్కను తీసివేయవలెను. మిగిలినదే నిజమైన లెక్క.

ఉల్లి పెట్టెలో పద్ధతి వేరు. వరి నారుమడిలో ఇనుపధాతు లోపమునకు చల్లు అన్నభేదిని మీరెరుగుదురు. దానిని పలుచని గంధకామ్లములో కరిగించి, చిన్న సీసాలలో పోసి, పెట్టె అంచునను నడుమను ఉంచుదురు. కిరణముల మోతాదునుబట్టి అందలి ఇనుము మార్పుచెందును. ఆ మార్పును కొలిచి, ఏ చోట ఎంత మోతాదు అందినదో చెప్పుదురు. ఉల్లికి సాధారణముగా 60 నుండి 90 గ్రేలు చాలును. ఉల్లిలో అధికభాగము నీరే కనుక నడుమనున్న గడ్డలకు తక్కువ అందును. ఈ లోటు తీర్చుటకు పెట్టెకు రెండు వైపులను కిరణములు సోకునట్లు త్రిప్పుదురు.

రైతులు గమనింపవలసినవి

1. ఇట్టి గడ్డలలో కిరణములు నిలిచియుండవు. ఎండబెట్టిన ధాన్యములో ఎండ నిలువదు గదా! గడ్డలను నిర్భయముగా తినవచ్చును.
2. ఇది మొలకను ఆపునే గాని కుళ్లును ఆపదు. గడ్డలను బాగుగా ఆరబెట్టి, దెబ్బతిన్నవాటిని ఏరివేయవలెను.
3. కోత తరువాత ఆలస్యము చేయక, గడ్డల నిద్రావస్థ ముగియకముందే పంపవలెను.
4. విత్తనపు గడ్డలను పంపరాదు. అవి మరల మొలవవు.
5. సరుకు తిరిగి తీసుకొనునపుడు, పెట్టెలో అతి తక్కువ మోతాదు ఎంత అందినదో అడిగి తెలిసికొనవలెను. నడుమనున్న గడ్డకు అదియే హామీ.