మోజార్ట్ మనసు పడింది అక్కపై, పెళ్లాడింది చెల్లెలిని: ఈ కథలో చరిత్ర ఎంత, నవల ఎంత?

మోజార్ట్ మొదట మనసు పడింది అక్క మీద. నాలుగేళ్ల తర్వాత పెళ్లి చేసుకున్నది ఆమె చెల్లెలిని. పాశ్చాత్య సంగీతంలో అంతటి పేరున్న స్వరకర్త జీవితంలోని ఈ మలుపు నవలా రచయితలను ఆకర్షించడంలో వింతేమీ లేదు. ఒకప్పుడు ఒపెరా గాయని అయిన అమెరికన్ రచయిత్రి స్టెఫానీ కోవెల్ 2004లో వెలువరించిన ‘మ్యారీయింగ్ మోజార్ట్’కు ఆధారం ఇదే. అయితే కథను ఆమె మోజార్ట్ వైపు నుంచి కాక, వేబర్ ఇంటి నలుగురు అక్కాచెల్లెళ్ల వైపు నుంచి నడిపారు.

ఆ ఎంపిక ఎందుకు ముఖ్యమో తెలియాలంటే, ముందు అసలు ఏం జరిగిందో చూడాలి.

మన్‌హైమ్‌లో మొదలైన కథ

1778 ఆరంభంలో ఉద్యోగ వేటలో జర్మనీలోని మన్‌హైమ్‌లో ఉన్న మోజార్ట్‌కు 22 ఏళ్లు. సంగీత ప్రతులు రాసిపెట్టే ఫ్రిడొలిన్ వేబర్ ఇంట్లో అతనికి యోసెఫా, అలోయిజియా, కాన్‌స్టాంజె, సోఫీ పరిచయమయ్యారు. వారిలో రెండో అమ్మాయి అలోయిజియా గాత్రానికి అతను ముగ్ధుడయ్యాడు. ఆమె కోసం పాటలు కట్టాడు. ఆమెను ఇటలీ తీసుకెళ్లి పెద్ద గాయనిని చేస్తానని తండ్రి లియోపోల్డ్‌కు ఉత్తరం రాశాడు. తండ్రి మండిపడి, వెంటనే పారిస్ వెళ్లమన్నాడు.

పారిస్‌లో ఉద్యోగం దొరకలేదు. వెంట వచ్చిన తల్లి ఆ ఏడాది జులైలో అక్కడే కన్నుమూసింది. డిసెంబరులో తిరిగి వస్తూ మ్యూనిక్‌లో ఆగితే, అప్పటికే అక్కడి ఒపెరాలో స్థిరపడిన అలోయిజియా అతన్ని కాదంది. 1780లో ఆమె నటుడు యోసెఫ్ లాంగెను పెళ్లాడింది.

1781లో వియన్నా చేరిన మోజార్ట్ మళ్లీ వేబర్ల ఇంట్లోనే అద్దెకు దిగాడు. ఫ్రిడొలిన్ అప్పటికి చనిపోయాడు. ఈసారి మూడో అమ్మాయి కాన్‌స్టాంజెకు దగ్గరయ్యాడు. మూడేళ్లలో పెళ్లి చేసుకోకపోతే ఏటా 300 గుల్డెన్లు చెల్లిస్తానని అమ్మాయి సంరక్షకుడు అతని చేత కాగితం రాయించుకున్నాడు. కాన్‌స్టాంజె ఆ కాగితాన్ని చించేసిందని మోజార్ట్ తండ్రికి రాశాడు. 1782 ఆగస్టు 4న వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్‌లో వారి పెళ్లి జరిగింది. తండ్రి అంగీకార పత్రం ఆ తర్వాతే అందింది.

ఎవరి మాటలు మిగిలాయి?

ఈ వివరాల్లో చాలావరకు మోజార్ట్ ఉత్తరాల నుంచే మనకు తెలిశాయి. చిక్కంతా అక్కడే ఉంది. భార్యకు అతను రాసిన ఉత్తరాలు అనేకం మిగిలాయి కానీ, ఆమె అతనికి రాసినవి ఒక్కటీ మిగల్లేదు. పెళ్లి గొడవ సమయంలో లియోపోల్డ్ రాసిన ఉత్తరాలూ దొరకలేదు.

1781 డిసెంబరులో తండ్రికి రాసిన ఉత్తరంలో మోజార్ట్, కాన్‌స్టాంజె పెద్ద అందగత్తె కాదని, అయితే ఇల్లు పొదుపుగా నడపగలదని చెప్పాడు. ఆమె గొప్పదనం నిరూపించడానికి యోసెఫాను బద్ధకస్తురాలిగా, అలోయిజియాను కపటిగా, సోఫీని నిలకడ లేని పిల్లగా వర్ణించాడు. పెళ్లికి ఒప్పించాలని కొడుకు రాసిన ఉత్తరం అది. అందులోని మాటలే తరతరాలుగా ఆ నలుగురి స్వభావానికి సాక్ష్యమయ్యాయి.

మ్యూనిక్‌లో తిరస్కారానికి మోజార్ట్ పియానో ముందు కూర్చుని ఒక మొరటు పాటతో జవాబిచ్చాడనే ప్రసిద్ధ కథ 1828లో అచ్చయిన జీవితచరిత్రలోది. దాన్ని రాసింది కాన్‌స్టాంజె రెండో భర్త నిస్సెన్. అంటే అక్క ప్రేమ ముగిసిన తీరు మనకు చెల్లెలి ఇంటి నుంచి చేరింది. మరోవైపు, 1829లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన నొవెల్లో దంపతులతో అలోయిజియా, మోజార్ట్ చివరిదాకా తననే ప్రేమించాడని చెప్పుకుంది. రెండింటిలో ఏదీ తటస్థ సాక్ష్యం కాదు.

నవల చేసే పని

కోవెల్ నవలలో వయసు మళ్లిన సోఫీ పాత రోజులు గుర్తుచేసుకుంటుంది. డబ్బు లేని ఇల్లు, కూతుళ్లకు మంచి సంబంధాలు చూడాలని తల్లి పడే ఆరాటం, నలుగురి మధ్య ప్రేమ, అసూయ ఇందులో ముందుకు వస్తాయి. ఆ సంభాషణలకు దస్తావేజులు లేవు, ఉండే వీలూ లేదు. కానీ ఆ అక్కాచెల్లెళ్లకు సొంత కోరికలు, సొంత లెక్కలు ఉండి ఉంటాయని గుర్తుచేయడం నవల చేయగలిగిన పని.

కాన్‌స్టాంజె విషయంలో ఈ సవరణ అవసరం కూడా. ఎనిమిది ఆస్కార్లు గెలిచిన ‘అమడేయస్’ (1984) చూసినవారికి ఆమె గలగలా నవ్వే అల్లరి పిల్లగానే గుర్తుంటుంది. నిజానికి ఆమె శిక్షణ పొందిన గాయని. ఫ్యూగ్‌లంటే ఇష్టపడి, వాటిని రాయమని భర్తను పోరింది. 1791 డిసెంబరు 5న మోజార్ట్ చనిపోయేనాటికి ఆమెకు 29 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, పైగా అప్పులు. ఆమె చక్రవర్తి నుంచి పింఛను సాధించింది, కచేరీలు ఏర్పాటు చేసింది, ‘రెక్వియం’ను పూర్తి చేయించింది. చేతిరాత ప్రతుల్లో అధిక భాగాన్ని 1799లో ఒకే ప్రచురణకర్తకు అమ్మడంతో అవి చెల్లాచెదురు కాలేదు. నిస్సెన్ మరణించాక అతని పుస్తకాన్ని అచ్చు వేయించిందీ ఆమే.

పాఠకుడు ఎక్కడ జాగ్రత్తపడాలి?

కథ అందంగా కుదిరిన చోటే. పెళ్లికి మూడు వారాల ముందు వియన్నాలో తొలిసారి ప్రదర్శించిన మోజార్ట్ ఒపెరాలో నాయిక పేరు కాన్‌స్టాంజె. ప్రేయసి పేరే పెట్టాడనుకోవడం సహజం. కానీ ఆ పేరు అంతకుముందే బ్రెట్‌స్నర్ అనే రచయిత రాసిన మూల నాటకంలో ఉంది. ఇలాంటి యాదృచ్ఛికాన్ని ప్రేమకానుకగా మలిచే స్వేచ్ఛ నవలకు ఉంది, జీవితచరిత్రకు లేదు.

మోజార్ట్ ఎవరిని ఎక్కువగా ప్రేమించాడన్న ప్రశ్నను ఏ నవలా తేల్చలేదు. అయితే ఇన్నాళ్లూ అతను ఎంచుకున్న, లేదా అతన్ని కాదన్న అమ్మాయిలుగానే మిగిలిన ఆ నలుగురిలో యోసెఫా, 1791లో ‘ద మ్యాజిక్ ఫ్లూట్’ తొలి ప్రదర్శనలో ‘రాత్రి రాణి’ పాత్ర పాడింది. అత్యంత కష్టమైన ఆ పాటలను మోజార్ట్ రాసింది ఆమె గొంతు కోసమే. తాను బద్ధకస్తురాలని తండ్రికి రాసింది ఈ వదిన గురించే.