రుమాలు వేసిన సీటు

శ్రోతలకు రుమాలు సంగతి క్రొత్తది కాదు. బస్సు స్టాండులోనికి రాగానే కిటికీ గుండా రుమాలో, తువాలో, చేతిసంచియో లోపల పడును. మనిషి ఆ తరువాత ఎక్కును. తన వస్తువున్న సీటు తనదే యని అతని వాదము. తక్కినవారును సాధారణముగా దాని నంగీకరింతురు. ఎవరును వ్రాయని యీ శాసనము ఎంతదాక న్యాయము?

పల్లెవెలుగు టికెట్టుపై సీటు సంఖ్య యుండదు. మన మిచ్చు పైకము ప్రయాణమునకే గాని ఆసనమునకు గాదు. కనుక ముందు కూర్చున్నవారిదే చోటు. చిక్కు తోడివారితో వచ్చును. తల్లి మూట లెత్తుకొని వచ్చుచుండగా కొడుకు ముందెక్కి ఆమెకు చోటుంచుట తప్పని మే మనము. ఆమె అక్కడనే యున్నది, ఆ బస్సునే యెక్కనున్నది.

టేకులపల్లి వంటి నడిమి యూరిలో సంగతి వేరు. ఇల్లందు–కొత్తగూడెము దారిలోని యీ మండల కేంద్రమునకు రద్దీ బస్సు వచ్చుసరికి సీట్లు నిండియుండును. ఒకటి రెండింటిపై మనుష్యులు గాక తువాళ్ళు కూర్చుండి యుండును. అడిగినచో, "మావోళ్ళు ముందు స్టేజీల ఎక్కుతరు" అని జవాబు. ఆసుపత్రికి పోవు వృద్ధురాలు కమ్మి పట్టుకొని నిలుచుండగా, ఇంకను బస్సు మొగము చూడని మనిషి కొరకు తువాలు సుఖముగా ప్రయాణము చేయును. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకముతో తెలంగాణ స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది. రద్దీ హెచ్చినది, రుమాళ్ళకును పని హెచ్చినది. మేడారము జాతర దినముల మాట చెప్పనే యక్కరలేదు.

ఇది పల్లెల మోటుతన మని నవ్వువారు విమానముల కథ వినవలెను. అమెరికాలోని సౌత్‌వెస్ట్ సంస్థ 1971 లో విమానములు నడుప నారంభించి, ఏబదియేండ్లకు పైగా సీట్లను ప్రయాణికుల యిష్టమునకే విడిచినది. ముందెక్కుటకు అదనపు రుసుము చెల్లించిన ఒకడు, చెల్లింపని తనవారికి ప్రక్క సీట్లపై కోట్లు పరచుట, వెనుక వచ్చినవారు కలహించుట అక్కడను ఉండెడివి. (కిటికీ గుండా తువాలు వేయు వీలు మాత్రము లేదు.) తుదకు 2026 జనవరి 27 నుండి ఆ సంస్థ సీటు సంఖ్యలు నిర్ణయించినది.

ఊరూర ఎక్కి దిగు పల్లెబస్సులో సంఖ్యలు పనికిరావు. స్టాండులో నున్నవారికే తువాలు చెల్లును, బస్సు కదలినతోడనే దాని యధికారము తీరును: ఇది మా యభిప్రాయము. "మీవోళ్ళు ఎక్కేదాక కూసుంట" అని వృద్ధురా లడిగినచో కాదనువారు తక్కువ. ఆ మనిషి నిజముగా ఎక్కినపుడో, ఇద్దరి సీటులో ముగ్గురు సర్దుకొందురు.