తన పనిని తాను చెప్పుకోవటం

కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలు మార్గంలో నెక్కొండ ఒక చిన్న స్టేషను. బండి దిగి ఊళ్లోకి నడిచేవారికి ఇప్పుడు ముందుగా ఎదురయ్యేవి ఫ్లెక్సీలు. నాయకులకు స్వాగతాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, విత్తనాల కంపెనీల ప్రకటనలు, పండుగ ముబారక్‌లు. వీటన్నింటినీ రూపొందించిన డిజైనరు పేరు, ఫోను నంబరు అడుగున ఒక మూలన చీమల బారులా వుంటుంది, కంటికి ఆనదు. మరికొంచెం ముందుకు పోతే ఫోటో స్టూడియో, ఆ వెనుక సందులో మగ్గం పని చేసే ఇల్లు, పెళ్లిళ్లకు మెహెందీ పెట్టే ఆడపిల్ల వుండే ఇల్లు. ఒక తరం క్రితం ఈ వృత్తులలో మన కుటుంబాలవారు వేళ్ల మీద లెక్కించేటంతమంది. నేడు చదువు మధ్యలో ఆగిన పిల్లలు, డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం దొరకని పిల్లలు అనేకులు కెమెరాతోనో, కంప్యూటరుతోనో, సూదీదారంతోనో జీవనోపాధి వెదుకుకుంటున్నారు.

మదర్సాలో మావద్దకు వచ్చే తల్లిదండ్రులు ఈ విషయంలో రెండు విధాల మాటలు చెబుతుంటారు. "హజ్రత్, మావాడు చేసే పని తక్కువ, స్టేటస్‌లో పెట్టుకునే గొప్పలు ఎక్కువ. ఇది గుణమేనా?" అని తండ్రులు. "మా పిల్ల చేతిలో పనితనం వుంది హజ్రత్, కానీ నోరు విప్పి ఒకరికి చెప్పుకోదు, ఎవరెంత ఇస్తే అంత తీసుకుంటుంది" అని తల్లులు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే ఇంటి నుండి వచ్చిన సందర్భం కూడా వున్నది.

ఛాయాచిత్రం గురించి ధర్మపండితుల మధ్య వున్న అభిప్రాయభేదం ఇక్కడ మా అంశం కాదు. అది వేరే చర్చ. ఇప్పటికే ఈ వృత్తులలో దిగి, ఇల్లు నడుపుతున్నవారు తమ పనిని పదిమందికి ఎలా తెలియజేసుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్నదే మేము చెప్పదలచినది.

ఆత్మస్తుతి నిందనీయమని మనవారందరికీ తెలుసు. తమను తాము పవిత్రులుగా చాటుకోవద్దని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది. అయితే అదే గ్రంథంలో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజు ముందు నిలబడి, ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరుతూ, తాను కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని స్వయంగా చెప్పుకున్న ఘట్టం కూడా వున్నది. రాబోయేది కరువు. ఆ పని తెలిసినవాడు బిడియపడి మౌనంగా వుంటే ఆకలితో నష్టపోయేది ప్రజలు. ఆ మహనీయుడు తన వంశాన్ని చెప్పుకోలేదు, తన అందాన్ని చెప్పుకోలేదు. ఆ పనికి కావలసిన రెండు గుణాలను మాత్రమే పేర్కొన్నారు. తండ్రుల ఫిర్యాదుకూ, తల్లుల ఫిర్యాదుకూ ఇందులో సమాధానం వున్నదని మా అభిప్రాయం. 'నేను పెళ్లి ఫోటోలు తీస్తాను, ఆల్బం ఇన్ని రోజులలో ఇస్తాను, ఇదిగో నేను చేసిన పని' అనటం సమాచారం. 'జిల్లాలో నాకు సాటి లేరు' అనటం వేరు. దానికి సాక్ష్యం ఎక్కడిది?

మరో మాట. దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యరాశి లోపలికి చేయి పెట్టి చూడగా వేళ్లకు తడి తగిలిన సంగతి, తడిసిన భాగాన్ని జనానికి కనిపించేటట్లు పైన ఎందుకు పెట్టలేదని యజమానిని నిలదీసిన సంగతి మన పిల్లలు కూడా ఎరుగుదురు. పత్తి, మిర్చి అమ్ముకునే మన ప్రాంతంలో ఈ హదీసును వివరించవలసిన అవసరమే లేదు. పైన ఎండుకాయ, అడుగున తడికాయ అంటే ఏమిటో ప్రతి రైతుకూ, ప్రతి అడ్తిదారుకూ తెలుసు. డిజైనరు నమూనాల పుస్తకం కూడా ఒక రాశియే. ఇంటర్నెట్టు నుండి దించుకున్న పరాయి డిజైన్లను తనవిగా చూపటం, పది సంవత్సరాల క్రితం అద్దె కెమెరాతో తీసిన ఒక్క మంచి బొమ్మను ముందు పెట్టి మిగతావి దాచటం, డబ్బిచ్చి కొన్న పొగడ్తలను తన పేజీలో నింపటం, ఇవన్నీ అడుగున తడి వున్న రాశులే. పొగడ్తల విషయంలోనైతే ఇంకొక నియమం కూడా వున్నది: ఒకరిని మెచ్చుకోక తప్పనప్పుడు 'నేను అనుకోవటం ఇలా' అని తన ఎరుక మేరకే చెప్పాలి. పని చేయించుకున్న కుటుంబం తమ అనుభవాన్ని తమ మాటలలో రెండు ముక్కలు వ్రాసిస్తే, అది కొన్న వంద నక్షత్రాల కంటే విలువైనది.

పేరు వ్రాసుకోవటమే అహంకారమని కొందరు భావిస్తారు. మన ఖత్తాతుల, అనగా అక్షరచిత్రకారుల సంప్రదాయం చూస్తే అలా అనలేము. ఉస్మానీల కాలంలో శిష్యుడు తాను వ్రాసిన పలక అడుగున తన పేరు పెట్టుకోవాలంటే ముందు గురువు నుండి ఇజాజత్ పొందాలి. సంవత్సరాల అభ్యాసం తరువాత లభించే అధికారం అది. తాజ్‌మహల్ మీద ఖుర్ఆన్ వాక్యాలను తీర్చిన అమానత్ ఖాన్ షీరాజీ అసలు పేరు అబ్దుల్ హఖ్; ఆ బిరుదు షాజహాన్ ఇచ్చినది. అంత పెద్ద కట్టడంలో ఎందరో పనిచేసినా, గోడల మీద సంతకం కనిపించేది ఆయనదొక్కటే. ఆ సంతకంలో కూడా తనను అల్పుడిగానే పేర్కొన్నారు. పేరు వుంది, సంవత్సరం వుంది, వినయం వుంది. మన డిజైనరు పిల్లలు ఫ్లెక్సీ మూలన చీమ అక్షరాలు పెట్టటం వినయమని మేము అనుకోము. చదవగలిగినంత పెద్దగా, ఒకే తీరుగా, ప్రతి పని మీదా పెట్టుకోవాలి.

ఇక ఛాయాచిత్రకారులకు మన దక్కనులోనే గొప్ప ఉదాహరణ వున్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ హైదరాబాదీ కాదు. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలో ఇంజినీరింగు విద్య అభ్యసించి, ఇండోర్‌లో ప్రభుత్వ నిర్మాణ శాఖలో నక్షాలు గీసే ఉద్యోగంలో చేరారు. ముప్ఫై సంవత్సరాల వయసు ప్రాంతంలో కెమెరా చేతపట్టారు. ఉద్యోగం వెంటనే వదలలేదు. నిలదొక్కుకున్న తరువాతనే వదిలారు. (ఇది మా పిల్లలు రెండుసార్లు చదవవలసిన వాక్యం.) 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ అనే ఆంగ్లేయ అధికారితో మధ్య భారతమంతా తిరిగి పాత కోటలను, కట్టడాలను చిత్రించారు. వాటిలో 86 చిత్రాలు పుస్తకంగా వెలువడి, ఆయన పేరును ఆయన వెళ్లలేని ఇళ్లకు చేర్చాయి. తరువాత సికిందరాబాదులో స్టూడియో, నిజాం కొలువు, 1896లో బొంబాయిలో మరో స్టూడియో, 1897లో విక్టోరియా రాణి నుండి అధికార పత్రం. నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అని బిరుదు ఇచ్చారు.

ఆయన తన పనిని చెప్పుకున్న తీరు గమనించదగినది. గాజు పలకలకు సంఖ్యలు వేసి, పేరు వ్రాసేవారు. చిత్రాన్ని అతికించే అట్ట మీద స్టూడియో పేరు అచ్చు వేయించేవారు. ఆ చిత్రం ఏ దివాన్‌ఖానాలో వేలాడినా అదే ఆయన విజిటింగ్ కార్డు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తన చిత్రాలను పంపారు. ఇవన్నీ పనిని ముందుకు నడిపి, తాను దాని వెనుక నిలబడటమే.

మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది మరొకటి వున్నది. 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. పర్దా పాటించే స్త్రీల కోసం, పరాయి చూపు సోకకుండా ఎత్తయిన గోడల మధ్య, కెనీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహణలో అది నడిచింది. చిత్రం తీసేది స్త్రీ, చూసేది స్త్రీ. 'మీ గోప్యతను మేము కాపాడతాము' అన్న భరోసాయే అక్కడ ప్రకటన అయింది. గొప్ప గొప్ప ఇళ్లవారు ఆ భరోసాను నమ్మారు.

ఇప్పుడు మన మధ్య జరుగుతున్నది చూద్దాం. మా దగ్గరి బంధువుల ఇంట నికాహ్ జరిగిన నెల తరువాత, పెళ్లికూతురు ముఖచిత్రం ఒక స్టూడియోవారి ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పాటతో సహా ప్రత్యక్షమయింది. ఎవరో దూరపు చుట్టం చూసి చెబితే గానీ ఇంటివారికి తెలియలేదు. అప్పటికే వేలమంది చూశారు. ఆ పిల్ల అత్తవారింట తల ఎత్తలేని పరిస్థితి. ఆమె చేసిన తప్పేమీ లేదు. స్టూడియో నడిపే యువకుడిని పిలిపించగా, అతను వాదించలేదు. చిత్రం తీసివేశాడు. కానీ పోతూ పోతూ ఒక మాట అడిగాడు: "చూపించకపోతే మమ్మల్ని ఎవరు పిలుస్తారు హజ్రత్?"

అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అతని వెనుక కెమెరా అప్పు వుంది, తల్లి మందులు వున్నాయి. అయితే అతనికీ, ఆ పెళ్లివారికీ కూడా తెలియని ఒక విషయం చట్టంలో వున్నది. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బిచ్చి కోరి తీయించుకున్న ఛాయాచిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే పెళ్లి ఆల్బం మీద హక్కు పెళ్లివారిది. తీసినవాడికి మిగిలేది, ఆ పని తనదని చెప్పుకునే హక్కు. అది 57వ సెక్షనులో వున్నది. షరీఅత్ భాషలో చెప్పాలంటే ఆ చిత్రాలు అతని వద్ద అమానత్. అమానత్‌ను దుకాణం అద్దంలో వేలాడదీయరు.

మరి ఏమి చూపాలి? చూపటానికి ముఖాలే కావాలా? పందిరి అలంకరణ, దస్తర్‌ఖాన్, వరుడి సెహ్రా పూలు, నికాహ్‌నామా మీద సంతకం పెట్టే పెద్దాయన చేయి, మామ భుజం మీద నిద్రపోయిన పసివాడి చెప్పులు: ఒక్క ముఖం లేకుండా పెళ్లి అంతా చెప్పవచ్చు. నిజానికి చేయి తిరిగినవాడెవరో అక్కడే తెలుస్తుంది. పెళ్లి లేని రోజులలో ఖుష్ మహల్ వుంది, వరంగల్ కోట తోరణాలు వున్నాయి, 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప వుంది. కల్లాలలో ఆరబోసిన మిర్చి ఎరుపుకు మించిన రంగు ఏ స్టూడియోలో దొరుకుతుంది? దీన్ దయాళ్ కట్టడాలతోనే కదా పేరు తెచ్చుకున్నది. మెహెందీ పెట్టే అమ్మాయి మణికట్టు దాకా చేతిని మాత్రమే, అదీ ఆ చేయి గలామె సమ్మతితో చూపుకోవచ్చు. మగ్గం పనివారికి గుడ్డ వుంది, మనిషి అక్కరలేదు.

ఎవరి చిత్రమైనా పెట్టదలిస్తే ఆర్డరు చీటీలోనే అడగాలి. 'మా పని నమూనాగా ఈ చిత్రాలను చూపుకోవటానికి అనుమతి: వుంది / లేదు' అని ఒక వాక్యం అచ్చు వేయించటానికి ఖర్చేమీ లేదు. పెళ్లికూతురి చిత్రమైతే ఆమె మాట విడిగా అడగాలి. తండ్రి సంతకం సరిపోదు. పెళ్లివారు కూడా అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ మాట తేల్చుకోవటం మేలు.

దీన్ దయాళ్‌కు రాజుల అండ వుంది, నెక్కొండలో మాకెవరున్నారు అని పిల్లలు అనవచ్చు. ఇక్కడి రాజులు వేరు. పెళ్లి సంగతి అందరికన్నా ముందు తెలిసేది ఫంక్షన్ హాలు లెక్కలు చూసే మనిషికి, వంటమాస్టరుకు, రుక్కాలు అచ్చు వేసే ప్రెస్సువారికి. వారికి మంచి పని రెండు మూడు చేసి చూపి, నాలుగు కార్డులు ఇచ్చి వస్తే, చేతిలో ఫోను పట్టుకొని రాత్రంతా లైకులు లెక్కించుకోవటం కంటే నయం. హైదరాబాదు ఛత్తా బజారు కాతిబులు చాలాకాలం ఇలాగే బ్రతికారు. నికాహ్ రుక్కా మీది అందమైన రాత చూసి, వ్రాసినదెవరని విచారించి వచ్చేవారు. 1990ల నడుమ నుండి ఉర్దూ అక్షరాలు కంప్యూటరులోకి వచ్చాక వారిలో అనేకుల కలాలు మూలబడ్డాయి. నిలిచినవారిలో కొందరు గోడకు పెట్టుకునే ఆయతుల పలకలు, దుకాణాల పేరుపలకలు చేతితో వ్రాసి ఇచ్చే పనికి మళ్లారు. పనితనం ఒకటే, అడిగేవారు మారారు.

ధర విషయంలో ఆడపిల్లల తల్లులకు ఒక మాట. 'మీకు తోచినంత ఇవ్వండి' అనటం మర్యాదగా వినిపిస్తుంది గానీ, అడిగినవారినీ ఇబ్బంది పెడుతుంది, చేసినవారినీ ముంచుతుంది. కూలి ఎంతో ముందే తెలియజేసి పనిలో పెట్టుకోవటం మన ధర్మశాస్త్రంలో వివాదాలు రాకుండా చేసిన ఏర్పాటు. రెండు చేతులకు ఇంత, మోచేతి దాకా ఇంత, పొరుగూరు రావాలంటే ఆటో కిరాయి అదనం అని కాగితం మీద వ్రాసి పెట్టుకుంటే బేరమాడేటప్పుడు గొంతు వణకదు. పేదింటి పిల్లకు ఉచితంగా పెట్టదలిస్తే పెట్టవచ్చు. దానిని స్టేటస్‌లో పెట్టకూడదు.

మా ఎరుకలో నెక్కొండ చుట్టుపక్కల స్త్రీల వేడుకలను చిత్రించే మహిళా ఫోటోగ్రాఫరు లేరు. జనానా వైపు చిత్రాలు కోరే ఇళ్లవారు హన్మకొండ నుండో, హైదరాబాదు నుండో పిలిపించుకొని రానుపోను ఖర్చులు భరిస్తున్నారు. లేదా ఏ పిల్లవాడినో లోపలికి పంపి, ఆ తరువాత బాధపడుతున్నారు. 1892లో హైదరాబాదులో కనిపించిన అవసరం నేడు మన మండలంలో వున్నది. కెమెరా మీద ఆసక్తి గల అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు వుంటే, నేర్పటానికి సిద్ధంగా వున్న ఒక మహిళ వరంగల్‌లో వున్నారు. తల్లిదండ్రులు శుక్రవారం నమాజు తరువాత మదర్సాకు వచ్చి మాతో మాట్లాడవచ్చు.