కర్నూలు, కడప జిల్లాలలో యురేనియం వ్యతిరేక ఉద్యమం

కర్నూలు, కడప జిల్లాలలో యురేనియం వ్యతిరేక ఉద్యమం అనగా రాయలసీమలోని ఈ రెండు జిల్లాల గ్రామీణ ప్రజలు యురేనియం అన్వేషణకు, త్రవ్వకానికి, శుద్ధి కర్మాగార వ్యర్థాలకు వ్యతిరేకంగా 21వ శతాబ్దపు తొలి దశాబ్దం నుండి సాగిస్తున్న ఆందోళన. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె గని, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్ళ అటవీ ప్రాంతం ఈ ఉద్యమంలో ప్రధాన కేంద్రాలు. తుమ్మలపల్లెలో గని ఏర్పడిన తరువాత దాని ఫలితాలపై ఆందోళన పెరిగింది. కప్పట్రాళ్ళలో అన్వేషణ దశలోనే ప్రజలు అడ్డుకున్నారు. మొదటి గ్రామపు అనుభవమే రెండవ ప్రాంతంలో ప్రధాన వాదనగా నిలిచింది.

నేపథ్యం

యురేనియం అణు విద్యుత్తుకు, అణ్వస్త్రాలకు రెండింటికీ మూల పదార్థం. సహజ యురేనియంలో సులభంగా విచ్ఛిత్తి చెందే యురేనియం-235 సుమారు 0.7 శాతం మాత్రమే ఉంటుంది, మిగిలినది దాదాపు అంతా యురేనియం-238. భారజల రియాక్టర్లలో సహజ యురేనియాన్నే ఇంధనంగా వాడవచ్చును. ఆ రియాక్టర్లలో యురేనియం-238 కొంత ప్లుటోనియంగా మారుతుంది. అణుబాంబుల తయారీకి పనికివచ్చే పదార్థాలలో ప్లుటోనియం ఒకటి.

1974లో పోఖ్రాన్‌లో తొలి అణు పరీక్ష జరిపిన తరువాత భారతదేశానికి విదేశాల నుండి యురేనియం దిగుమతి చాలవరకు నిలిచిపోయింది. 1998 మే 11, 13 తేదీలలో రెండవసారి పరీక్షలు జరిగాయి. దిగుమతి లేని ఆ కాలంలో రియాక్టర్లు ప్రధానంగా జాదుగూడ (ప్రస్తుత జార్ఖండ్) పరిసరాలలోని గనులపై ఆధారపడినాయి. దేశీయ నిల్వల కోసం సాగిన అన్వేషణలో కడప హరివాణం ముఖ్యమైనదిగా తేలింది. 2008 సెప్టెంబరు 6న అణు సరఫరాదారుల బృందం మినహాయింపు ఇచ్చిన తరువాత దిగుమతులకు వీలు కలిగింది. అయితే దిగుమతి చేసుకున్న యురేనియాన్ని అంతర్జాతీయ తనిఖీలో ఉన్న రియాక్టర్లలో మాత్రమే వాడవలసి ఉంటుంది. తనిఖీ పరిధిలో లేని రియాక్టర్లకు, సైనిక అవసరాలకు దేశంలో త్రవ్విన యురేనియమే ఆధారం. ఈ కారణం వల్ల రాయలసీమ గనులకు విద్యుత్ అవసరాలను మించిన ప్రాముఖ్యం ఏర్పడినది.

భౌగోళిక పరిస్థితులు

కడప హరివాణంలోని వేంపల్లె శిలా సముదాయంలో డోలమైటు అనే సున్నపు జాతి రాతిపొరలలో యురేనియం పరచుకొని ఉన్నది. తుమ్మలపల్లె ఈ పట్టీలోనిదే. ఇక్కడి ఖనిజంలో యురేనియం పాలు సుమారు 0.04 శాతం మాత్రమే. అనగా ఒక టన్ను రాతిలో దాదాపు 400 గ్రాములు. అయితే నిల్వల విస్తృతి ఎక్కువ. 2011 జూలైలో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49,000 టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయని, అవి 1,50,000 టన్నుల వరకు ఉండే అవకాశం ఉన్నదని ప్రకటించారు.

రాయలసీమ వర్షాభావ ప్రాంతం. కర్నూలు, కడప జిల్లాలలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పులివెందుల ప్రాంతంలో రైతులు లోతైన బోరు బావుల నీటితో అరటి, చీనీ తోటలు పెంచుతారు. దేవనకొండ, పత్తికొండ, ఆలూరు ప్రాంతాలలో వేరుశనగ, పత్తి, టమాటా పంటలు ప్రధానం. పంట పోయిన ఏట పడమటి మండలాల కూలీలు కుటుంబాలతో సహా సుగ్గికి గుంటూరు వైపు, బెంగుళూరు వైపు వలసపోతారు. త్రాగునీటికీ సేద్యానికీ భూగర్భ జలమే దిక్కుగా ఉన్నచోట ఆ నీరు చెడిపోతే వేరొక ఆధారం దొరకదు. ఉద్యమంలోని ప్రధాన ఆందోళన ఇదే.

తుమ్మలపల్లె గని

తుమ్మలపల్లె గనిని, శుద్ధి కర్మాగారాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన భారత యురేనియం సంస్థ (యుసిఐఎల్) నిర్వహిస్తున్నది. 2006 సెప్టెంబరు 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,106 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో ప్రాజెక్టును ఆమోదించింది. అదే సంవత్సరం నవంబరు 20న అప్పటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో కర్మాగారం పని ప్రారంభించింది. దీని సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం.

జాదుగూడలో గంధకామ్లంతో యురేనియాన్ని కరిగించి వేరుచేస్తారు. తుమ్మలపల్లె రాయి సున్నపు జాతిది కనుక ఆమ్లం ఆ రాతితోనే చర్య పొంది వ్యర్థమవుతుంది. అందువలన ఇక్కడ క్షార పద్ధతిని అనుసరిస్తున్నారు. ఖనిజాన్ని మెత్తగా పొడిచేసి, సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు ద్రావణంలో అధిక పీడనం, ఉష్ణోగ్రతల వద్ద ఉంచి యురేనియాన్ని కరిగిస్తారు. చివరకు సోడియం డైయురేనేటు అనే పసుపు రంగు పదార్థం లభిస్తుంది. దీనిని ఇంధనంగా మార్చుటకు హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి పంపుతారు.

టెయిలింగ్ పాండ్

యురేనియం తీసివేయగా మిగిలిన రాతిపొడిని, రసాయన జలాన్ని గొట్టాల ద్వారా కె.కె. కొట్టాల గ్రామ సమీపంలోని వ్యర్థాల చెరువులోనికి వదులుతారు. దీనినే స్థానికులు టెయిలింగ్ పాండ్ అని వ్యవహరిస్తారు. ఖనిజంలో యురేనియం పాలు స్వల్పం కనుక త్రవ్విన రాయి దాదాపు మొత్తం ఈ చెరువుకే చేరుతుంది.

యురేనియాన్ని తొలగించినంత మాత్రాన వ్యర్థాలు నిరపాయకరం కావు. యురేనియం క్షయం చెందగా ఏర్పడే థోరియం-230, రేడియం-226 మొదలైనవి రాతిపొడిలోనే ఉండిపోతాయి. ముడి ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థాలలోనే మిగులుతుందని అంచనా. రేడియం-226 అర్ధాయుష్షు సుమారు 1,600 సంవత్సరాలు. దీని నుండి రేడాన్ అనే వాయువు వెలువడుతుంది. వీటికి తోడు క్షార పద్ధతిలో వాడిన సోడియం లవణాలు నేలలోనికి ఇంకితే భూమి చౌడుబారుతుంది. కనుక చెరువు అడుగున నీరు ఇంకని పొర ఉండుట అత్యవసరం.

రైతుల ఆందోళన

కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, రాచకుంటపల్లె, తుమ్మలపల్లె మొదలైన గ్రామాలు ఈ ప్రాజెక్టు ప్రభావ పరిధిలో ఉన్నాయి. ప్రారంభ దశలో భూమి ఇచ్చిన కుటుంబాల వారు నష్టపరిహారం, ఉద్యోగాల గురించి ఎక్కువగా ప్రశ్నించారు. మానవ హక్కుల వేదిక, పర్యావరణ సంస్థలు మాత్రం జాదుగూడ అనుభవాన్ని ఉదహరిస్తూ నీటి కాలుష్యం గురించి మొదటి నుండి హెచ్చరించాయి.

కర్మాగారం నడక మొదలైన కొన్నేళ్ళకు నీటి ప్రశ్నే ముందుకు వచ్చింది. బోర్ల నీరు రంగు మారినదని, ఆ నీరు పారిన మళ్ళలో తెల్లని పొర కట్టుచున్నదని, అరటి తోటలు ఎండిపోతున్నవని కొట్టాల రైతులు ఆరోపించారు. చర్మవ్యాధులు వస్తున్నాయని, పశువులు చనిపోతున్నాయని కూడా ఫిర్యాదులు వచ్చాయి. 2018లో విశ్రాంత రసాయన శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు, వ్యర్థాల చెరువుకు అనుమతి షరతుల ప్రకారం అడుగు పొర వేయలేదని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి లేఖ వ్రాశారు. తదుపరి మండలి నీటి నమూనాలను సేకరించి సంస్థకు నోటీసు జారీచేసింది. 2019లో నిపుణుల సంఘం పరిశీలన జరిగింది.

త్రాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. భారత అణుశక్తి నియంత్రణ మండలి నిర్ణయించిన పరిమితి 60 మైక్రోగ్రాములు. ఒకే బావి నీరు ఒక ప్రమాణం ప్రకారం త్రాగదగినదిగా, మరొక దాని ప్రకారం త్రాగరానిదిగా కావచ్చును. పరీక్ష ఫలితాలపై ఏర్పడే వివాదాలకు ఇదొక కారణం.

సంస్థ వాదన

ఈ ఆరోపణలను యుసిఐఎల్ అంగీకరించలేదు. వ్యర్థాల చెరువును నియంత్రణ సంస్థల ప్రమాణాలకు అనుగుణంగానే నిర్మించామని, ఈ ప్రాంతపు రాతిలో, నీటిలో యురేనియం సహజంగానే ఉన్నదని సంస్థ పేర్కొన్నది. బొగ్గుపై ఆధారపడటం తగ్గాలంటే అణు విద్యుత్తు అవసరమని, వర్షాధార ప్రాంతంలో గని ఉద్యోగాలు కల్పించినదని ప్రాజెక్టును సమర్థించే వారి అభిప్రాయం.

సహజ యురేనియం వాదన పూర్తిగా నిరాధారమైనది కాదు. ఖనిజం ఉన్న నేలలో భూగర్భ జలంలోనూ కొంత యురేనియం ఉండగలదు. కాబట్టి గనికి ముందటి నీటి వివరాలు, తరువాతి వివరాలు బావి వారీగా పోల్చి చూడటం ముఖ్యం. ఇట్టి సమాచారాన్ని గ్రామస్థులకు తెలుగులో అందుబాటులో ఉంచవలెనని, సంస్థతో సంబంధం లేని నిపుణులచే పరీక్షలు జరిపించవలెనని ఉద్యమకారులు కోరుతున్నారు.

నల్లమల, ఆళ్ళగడ్డ

రాయలసీమ వెలుపల నల్గొండ జిల్లాలోని లంబాపురం, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం గనుల ప్రతిపాదనపై 2003 ఆగస్టు 19న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. నాగార్జునసాగర్ జలాశయం సమీపంలో ఉండుట ప్రధాన అభ్యంతరం. అక్కడ త్రవ్వకం మొదలు కాలేదు.

2019లో తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వెలువడినపుడు "సేవ్ నల్లమల" పేరుతో పెద్ద ఉద్యమం వచ్చింది. చెంచులు, విద్యార్థులు, రాజకీయ పక్షాలు, సినీ ప్రముఖులు ఇందులో పాల్గొన్నారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం త్రవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అదే కాలంలో ఆళ్ళగడ్డ మండలం యాదవాడ వద్ద అన్వేషణ కోసం బోర్లు వేయటంపై స్థానికులు అభ్యంతరం తెలిపారు. ఆళ్ళగడ్డ అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది.

కప్పట్రాళ్ళ

2024లో కప్పట్రాళ్ళ రక్షిత అరణ్యంలో సుమారు 468 హెక్టార్ల పరిధిలో 68 బోర్లు వేసి యురేనియం కోసం అన్వేషించాలన్న ప్రతిపాదన వెలుగులోనికి వచ్చింది. అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన సంచాలకత్వం ఈ పని చేయవలసి ఉండెను. ఇది పరీక్ష మాత్రమేనని, త్రవ్వకం కాదని అధికారులు తెలిపారు. బోర్లు పడిన చోటికి గని కూడా వస్తుందని గ్రామస్థులు భావించారు. తుమ్మలపల్లె అరటి తోటల సంగతి వారికి తెలిసియే ఉన్నది.

2024 నవంబరు మొదటి వారంలో కప్పట్రాళ్ళ, పరిసర గ్రామాల ప్రజలు కర్నూలు–బళ్ళారి రహదారిపై రాస్తారోకో చేశారు. పలు రాజకీయ పక్షాలు, ప్రజాసంఘాలు మద్దతు తెలిపాయి. కొద్ది రోజులలోనే ప్రతిపాదనను నిలిపివేస్తున్నట్లు ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ఆదేశాల మేరకు జిల్లా యంత్రాంగం ప్రకటించింది.

కొట్టాల రైతులు కాలుష్యం జరిగినదని నిరూపించవలసిన స్థితిలో ఉన్నారు. కప్పట్రాళ్ళ వాసులకు ఆ అవసరం రాలేదు. పని మొదలు కాకముందే అడిగినందువలన ప్రభుత్వమే సమాధానం చెప్పవలసి వచ్చినది. రెండు ఉద్యమాల ఫలితాలలోని తేడాకు ఇదొక ముఖ్య కారణం.

అణ్వస్త్ర వ్యతిరేకతతో సంబంధం

కర్నూలు, కడప గ్రామాల ఆందోళన ప్రధానంగా నీరు, భూమి, ఆరోగ్యాలకు సంబంధించినది. అణుబాంబు వద్దన్న నినాదంతో ఇది పుట్టలేదు. అయితే 1998 పరీక్షల అనంతరం 2000లో ఏర్పడిన అణు నిరాయుధీకరణ, శాంతి కూటమి వంటి వేదికలు గనిని, రియాక్టరును, బాంబును ఒకే గొలుసులోని లంకెలుగా పరిగణిస్తాయి.

అంతర్జాతీయంగా 2017లో ఐక్యరాజ్య సమితిలో ఆమోదం పొందిన అణ్వస్త్ర నిషేధ ఒప్పందం 2021 జనవరి 22 నుండి అమలులోనికి వచ్చింది. భారతదేశం దీనిపై సంతకం చేయలేదు. ఆయుధాల ప్రయోగం, పరీక్షల వలన బాధితులైన వారికి సహాయం అందించవలెనని ఒప్పందంలో ఉన్నది. ఆ నిబంధనలో గని గ్రామాల ప్రస్తావన లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ ప్రశ్న

యురేనియం గనుల విషయంలో గ్రామస్థులకు చట్టబద్ధంగా మాట్లాడే అవకాశం ప్రజాభిప్రాయ సేకరణలోనే లభించేది. పెద్దగట్టు, తుమ్మలపల్లె ప్రజల అభ్యంతరాలు అధికారిక రికార్డులకు ఎక్కినది ఈ మార్గంలోనే. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనుల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఇచ్చింది. జాతీయ రక్షణ అవసరాలు ఇందుకు కారణాలలో ఒకటిగా చూపబడినది. దీనితో గ్రామసభ తీర్మానాలు, న్యాయస్థానాలు, కప్పట్రాళ్ళలో జరిగినట్టి ప్రత్యక్ష ఆందోళనలు మాత్రమే స్థానికులకు మిగిలిన మార్గాలని పర్యావరణవాదుల విమర్శ.

ఇవి కూడా చూడండి

తుమ్మలపల్లె
కడప హరివాణం
కప్పట్రాళ్ళ
నల్లమల అడవులు
యురేనియం
అణ్వస్త్రాలు