తోకకు చిన్న ఫ్యాను ఎందుకు? ఒంటికి పట్టీ ఎందుకు?

హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే చాలు, మనమంతా అన్నం పళ్లాలు వదిలేసి గ్రౌండులోకి ఉరుకుతాం. వార్డెన్ మేడం కేకలేసినా ఆగం. పోయినసారి అట్లా చూస్తున్నప్పుడు ఏడో తరగతి చెల్లి ఒకామె అడిగింది: "అక్కా, పైన అంత పెద్ద రెక్కలున్నాయి కదా, తోక దగ్గర ఆ చిన్న ఫ్యాను దేనికి?"

జవాబు మన ఫిజిక్సు పుస్తకంలోనే ఉంది. న్యూటన్ మూడవ నియమం. ప్రతి చర్యకు సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుంది. మనం దాన్ని పరీక్షకి బట్టీ పడతాం, అంతే. ఒకసారి చెట్టుకొమ్మకు కట్టిన తాడు పట్టుకుని, కాళ్లు నేలకు తగలకుండా వేలాడి, నడుము పైభాగం కుడివైపుకి తిప్పి చూడండి. కాళ్లు ఎడమకి తిరుగుతాయి. హెలికాప్టర్‌దీ ఇదే కథ. ఇంజను పైరెక్కలను ఒక వైపు తిప్పితే, కింద మనుషులు కూర్చున్న డబ్బా రెండో వైపు తిరగాలని చూస్తుంది. దాన్ని తిరగనీయకుండా తోకను పక్కకు నెట్టేదే ఆ చిన్న ఫ్యాను. పైలట్ కాళ్ల దగ్గర రెండు పెడల్స్ ఉంటాయి. వాటితో ఆ తోపుడు పెంచి తగ్గించి, ముక్కు ఏ వైపు కావాలంటే ఆ వైపు తిప్పుకుంటాడు.

ఈ పద్ధతిని పనికొచ్చేలా చేసి చూపించినవాడు ఈగోర్ సికోర్‌స్కీ. ఈయన 1889లో కీవ్ నగరంలో పుట్టి 1919లో అమెరికా వెళ్లాడు. 1939 సెప్టెంబరు 14న తన వి.ఎస్.-300 హెలికాప్టర్‌ని తాళ్లతో నేలకు కట్టి, తనే కూర్చుని పైకి లేపాడు. దాని ఇంజను బలం 75 గుర్రాలు. ఫొటోల్లో చూస్తే తలమీద మామూలు టోపీ పెట్టుకుని, సంతకు పోయే పెద్దమనిషిలాగా ఉంటాడు. మరుసటి ఏడు, 1940 మే 13న, తాళ్లు లేకుండా ఎగిరింది.

తోక ఫ్యాను లేని హెలికాప్టర్లూ ఉన్నాయి. మన వాయుసేనలో 2019లో చేరిన చినూక్‌కి ముందొకటి, వెనకొకటి పెద్ద రెక్కల చక్రాలు. ఒకటి కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి. రెండింటి ప్రతిచర్యలూ కొట్టుకుపోతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి ఉంది. మడతబందు. అవును, తలుపుకి ఉంటుందే, అదే. హెలికాప్టర్ ముందుకి పోతున్నప్పుడు ఒక పక్క రెక్క గాలికి ఎదురు పోతుంది, ఇంకో పక్క రెక్క గాలితోపాటు వెనక్కి పోతుంది. రెక్క చివర వేగం గంటకు 500 కిలోమీటర్లు, హెలికాప్టర్ వేగం 100 అనుకుందాం. ఎదురు పోయే రెక్కకి గాలి 600తో తగులుతుంది, వెనక్కి పోయేదానికి 400తోనే. ఒక పక్క ఎక్కువ లేచి ఇంకో పక్క తక్కువ లేస్తే ఏమవుతుంది? కావడిలో ఒక కుండ ఖాళీ చేసినట్టు పక్కకు ఒరిగిపోతుంది. స్పెయిన్ దేశపు ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా ఆటోగైరో అనే తిరుగురెక్కల విమానం చేశాడు. ఆయన మొదట చేసినవి ఇట్లాగే పక్కకు పడిపోయాయి. అప్పుడు ఆయన రెక్క మొదట్లో మడతబందు పెట్టాడు. ఎక్కువ గాలి తగిలిన రెక్క గట్టిగా ఉండకుండా కాస్త పైకి లేస్తుంది. పైకి లేచేకొద్దీ దానికి గాలి తగిలే కోణం తగ్గి, ఎత్తే బలం కూడా తగ్గుతుంది. రెండు పక్కలూ సమానం. 1923 జనవరిలో అది చక్కగా ఎగిరింది. బెంగుళూరులో తయారయ్యే మన ధ్రువ్‌లో మడతబందు కూడా లేదు. రెక్క మొదలే వెదురుబద్దలాగా వంగే పదార్థంతో చేశారు.

ఇంజను ఆగిపోతే రాయిలాగా పడిపోతుందా అంటే, పడదు. కిందికి దిగుతుంటే కింది నుంచి వచ్చే గాలే రెక్కలను తిప్పుతుంది. అడవిలో రెక్కల గింజలు గిరగిరా తిరుగుతూ దిగడం మనం చూస్తాం కదా, అట్లా. అయినా ఒక్కోసారి నేలకు గట్టిగా తగులుతుంది. అప్పుడు దెబ్బ వెన్నెముకకి. అందుకని కొన్ని హెలికాప్టర్లలో కుర్చీని ప్రత్యేకంగా చేస్తారు. గట్టిగా తగిలితే అది కిందికి జారుతుంది. జారేటప్పుడు అందులోని లోహపు భాగం వంగి దెబ్బను తను తీసుకుంటుంది. కుర్చీ పాడైతే మార్చుకోవచ్చు, వెన్నెముకని మార్చుకోలేం.

కారు, జీపుల్లో దెబ్బ ముందు నుంచి వస్తుంది. ఇక్కడ న్యూటన్ మొదటి నియమం. పోయిన దసరా సెలవులకు మేము సర్వీసు జీపులో ఊరికి పోతుంటే ఎద్దు అడ్డం వచ్చింది. డ్రైవరన్న బ్రేకు తొక్కాడు. మా నాయనమ్మ నుదురు ముందున్న కడ్డీకి తగిలి రెండు కుట్లు పడ్డాయి. వెనక కూర్చున్నామె నెట్టిందని నాయనమ్మ ఇప్పటికీ కోపంగా ఉంది. ఎవరూ నెట్టలేదు, జీపు ఆగింది గాని నీ ఒళ్లు ఆగలేదు, అని కోయలో ఎంత చెప్పినా నమ్మలేదు. లెక్క వేసి చూశాను. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. చలన సమీకరణంలో పెడితే, 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే వేగం అది. మూడంతస్తుల మేడంత ఎత్తు! జీలుగు చెట్టు ఎక్కేవాళ్లు మోకు కట్టుకుంటారు. జీపు ఎక్కేవాళ్లకి ఏదీ?

ఆ మోకులాంటి పట్టీని చక్కగా కుదిర్చినవాడు స్వీడన్ దేశపు నీల్స్ బోలిన్. ఈయన మొదట సాబ్ కంపెనీలో పైలట్‌ని కుర్చీతో సహా విమానం బయటికి ఎగరేసే ఏర్పాటు మీద పనిచేశాడు. 1958లో వోల్వో కార్ల కంపెనీకి వచ్చాడు. అంతకుముందు కూడా పట్టీలున్నాయి గాని ఎక్కువగా పొట్ట మీద ఒక్కటే. అది నడుముని ఆపుతుంది, ఛాతీ, తల ముందుకి పోతాయి. పొట్ట లోపల కూడా దెబ్బ. బోలిన్ ఒక పట్టీ ఛాతీ మీదుగా ఏటవాలుగా, ఒకటి తొడల పైన తుంటి మీదుగా పెట్టి, రెండూ తుంటి పక్కన కింద కలిసేలా చేశాడు. బరువంతా భుజం, పక్కటెముకలు, తుంటి ఎముకల మీద పడుతుంది. ఒక్క చేత్తో పెట్టుకోవచ్చు. 1959లో వోల్వో దీన్ని కార్లలో పెట్టింది. పేటెంటు ఉన్నా వేరే కంపెనీలు కూడా వాడుకోవచ్చని వదిలేసింది. మన దేశంలో ఇప్పుడు పట్టీ పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా.

మన హాస్టలుకి ఎవరైనా పెద్దవాళ్ల కారు వస్తే డ్రైవరన్నని అడిగి పట్టీని మెల్లగా లాగండి. ఎంతైనా వస్తుంది. తర్వాత ఒక్కసారి గుంజండి. టక్కున ఆగిపోతుంది. లోపల పట్టీ చుట్టుకున్న చక్రం గబుక్కున తిరిగితే దాని పళ్లు పట్టుకునేలా కొండీ పెట్టారు.