శిక్ష ముగిశాక మిగిలే ముప్పు ఎంత?

లైంగిక నేరానికి పడిన జైలు శిక్ష పూర్తయినా అమెరికాలో కొందరిని ఇంటికి పంపరు. మానసిక లోపం వల్ల మళ్లీ అదే నేరం చేసే అవకాశం ఉందని కోర్టు తేలిస్తే, కాపలా ఉండే చికిత్సా కేంద్రానికి తరలిస్తారు. ఎప్పుడు వదులుతారో గడువు ఉండదు. దీన్నే సివిల్ కమిట్‌మెంట్ అంటారు. ఈ తరహా చట్టాన్ని మొదట 1990లో వాషింగ్టన్ రాష్ట్రం తెచ్చింది. 1997లో కాన్సస్ వర్సెస్ హెండ్రిక్స్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు, ఇది శిక్ష కాదంటూ 5–4 మెజారిటీతో సమర్థించింది. శిక్ష కాదంటే, మనిషిని లోపల ఉంచుతున్నది రేపు ఏం చేస్తాడోనన్న అంచనా. మనకూ ఇది పూర్తిగా పరాయి సంగతి కాదు. తెలంగాణ పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పూర్తి పేరులో లైంగిక నేరస్తులు కూడా ఉన్నారు. అక్కడా రేపటి భయంతోనే ఏడాది వరకు నిర్బంధించవచ్చు. అందుకే ఆ అంచనాలో నిజమెంతో చూడాలి.

అపోహ: వదిలేస్తే నూటికి ఎనభై మంది మళ్లీ చేస్తారు

ఇది రచ్చబండ మీద పుట్టిన మాట కాదు. 2002లో మెక్‌యూన్ వర్సెస్ లైల్ కేసు తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు జస్టిస్ ఆంథొనీ కెనెడీ, చికిత్స పొందనివారిలో మళ్లీ నేరం చేసేవారు 80 శాతం వరకు ఉంటారన్న అంచనాను ఉదహరించారు. ఆ తర్వాత కింది కోర్టులు, శాసనసభలు దాన్నే పట్టుకున్నాయి. న్యాయశాస్త్ర ఆచార్యుడు ఐరా ఎల్మన్, తారా ఎల్మన్ కలిసి 2015లో ఈ తీగ లాగారు. తీర్పుకు ఆధారం 1988 నాటి ఒక ప్రభుత్వ కరదీపిక. దానికి ఆధారం 1986లో సైకాలజీ టుడే అనే పాపులర్ పత్రికలో వచ్చిన వ్యాసం. ఆ వ్యాసంలో అంకె ఉంది, దాన్ని నిలబెట్టే లెక్క లేదు.

అసలు లెక్కలు వేరేగా ఉన్నాయి. 1994లో 15 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైన 9,691 మంది లైంగిక నేరస్తులను అమెరికా న్యాయశాఖ మూడేళ్లు గమనించింది. మళ్లీ లైంగిక నేరం మీద అరెస్టయినవారు 5.3 శాతం. కెనడా పరిశోధకుడు కార్ల్ హాన్సన్, మరొకరు కలిసి 82 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2005లో ప్రచురించిన లెక్కలో, ఐదారేళ్ల వ్యవధికి అది 13.7 శాతం. పోలీసుల దాకా రాని నేరాలు వీటిలో లేవు. బాధితుల్లో ఎంతమంది నోరు విప్పలేకపోతారో తెలిసినవాళ్లం కనుక, అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువేనని ఒప్పుకోవాలి. అయినా దాన్ని ఎనభైకి చేర్చే ఆధారం ఎవరూ చూపలేదు.

అపోహ: సివిల్ కమిట్‌మెంట్‌లో ఉన్నవారు మాత్రం తప్పకుండా చేస్తారు

వడపోసి పక్కన పెట్టినవారు కదా, వీరి సంగతి వేరనిపించడం సహజం. కాలిఫోర్నియాలోని అటాస్కడేరో ఆసుపత్రి మనస్తత్వవేత్త హెసూస్ పడియా సరిగ్గా ఇదే పరిశీలించారు. చికిత్స పూర్తి చేయకుండానే బయటపడిన 93 మందిలో, సుమారు 4.8 ఏళ్లలో లైంగిక నేరం మీద మళ్లీ అరెస్టయినవారు ఆరుగురు. అంటే 6.5 శాతం. 93 చిన్న సంఖ్యే, అందరికీ వర్తింపజేయలేం. కానీ ఆ అధ్యయనాన్ని పూర్తి కానివ్వకుండా మధ్యలో ఆపేశారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. ఒక మనిషిని ఏళ్ల తరబడి లోపల ఉంచుతూ, ఆ అవసరం నిజంగా ఉందా అని కొలిచే పనిని ఆపేయడం అన్యాయం. మిన్నెసోటాలోనైతే ఈ కార్యక్రమం మొదలై ఇరవై ఏళ్లు గడిచిన 2015 నాటికి, 700 మందికి పైగా లోపల ఉండగా, పూర్తిగా విడుదలైనవారు ఒక్కరూ లేరు.

అపోహ: పశ్చాత్తాపం లేనివాడే ప్రమాదకరం

తప్పు ఒప్పుకోనివాడిని చూస్తే మనకు ఒళ్లు మండుతుంది. అయితే నేరాన్ని నిరాకరించడానికీ, బాధితురాలిపై జాలి లేకపోవడానికీ మళ్లీ నేరం చేయడంతో చెప్పుకోదగ్గ సంబంధం హాన్సన్ బృందాల లెక్కల్లో కనిపించలేదు. వికృతమైన లైంగిక ఆసక్తి, చట్టాన్ని లెక్కచేయని స్వభావం, పాత నేరాల సంఖ్య ఎక్కువ చెబుతాయి. విస్తృతంగా వాడే స్టాటిక్-99ఆర్ పరీక్షలో పది అంశాలుంటాయి. అరవై దాటినవారికి వయసు ఒక్కదానికే మూడు పాయింట్లు తగ్గుతాయి.

అపోహ: పరీక్షలో స్కోరు ఎక్కువొస్తే ఇక తేలిపోయినట్టే

చిన్న లెక్క వేసి చూద్దాం. వెయ్యి మందిలో వంద మంది మళ్లీ నేరం చేస్తారనుకుందాం. మన పరీక్ష నేరం చేసేవారిలోనూ చేయనివారిలోనూ నూటికి 75 మందిని సరిగ్గా గుర్తిస్తుందనుకుందాం. ఆ వందలో 75 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 900 మందిలో 225 మందిని పొరపాటున ప్రమాదకరమని ముద్ర వేస్తుంది. మొత్తం ముద్ర పడిన 300 మందిలో నిజంగా నేరం చేసేవారు నాలుగోవంతే. జరిగేది అరుదైనదైతే ఎంత మంచి పరీక్షకైనా ఈ చిక్కు తప్పదు. స్కోరు ఒక గుంపు గురించి చెబుతుంది. బోనులో నిలబడేది ఒక్క మనిషి.

పైగా ఆ ముప్పు ఎప్పటికీ అలాగే ఉండిపోదు. 2014లో హాన్సన్ బృందం 7,740 మంది వివరాలు పరిశీలించింది. ఎక్కువ ముప్పు వర్గంలో విడుదలైన మొదటి ఐదేళ్లలో మళ్లీ లైంగిక నేరం చేసినవారు 22 శాతం. అదే వర్గంలో, పదేళ్లు బయట నేరం లేకుండా గడిపినవారిలో అది 4.2 శాతానికి పడిపోయింది. నిఘా అవసరమే, ముఖ్యంగా ఆ తొలి ఏళ్లలో.

అపోహ: పాత నేరస్తులు ఎక్కడున్నారో తెలిస్తే పిల్లలు క్షేమం

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబాలూ శిక్ష పడిన లైంగిక నేరస్తుల చిరునామాలు చూపే రిజిస్ట్రీ మ్యాపు తెరిచి, చుట్టుపక్కల చుక్కలెన్నో చూస్తాయి. ఆ తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. కానీ న్యూయార్క్ రాష్ట్రంలో 21 ఏళ్ల అరెస్టుల వివరాలు చూస్తే, లైంగిక నేరాల మీద పట్టుబడినవారిలో 95 శాతానికి పైగా అంతకుముందు అలాంటి నేరానికి శిక్ష పడనివారే. వారి పేరిట ఆ మ్యాపులో చుక్క ఉండదు. మన దేశంలోనూ ఏటా నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి: బంధువు, ఇరుగుపొరుగు, స్నేహితుడు, పని ఇచ్చినవాడు.